సులువే అంటున్నదెవరు?

పిల్లలకి బయటి తిండి పెట్టకండి, ఇంట్లోనే చేసి పెట్టండి, వీలైతే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చేయండి, చాలా సులువు. ఈ ఉపదేశం ఇప్పుడు మనకి నాలుగు దిక్కుల నుంచీ వినిపిస్తోంది. స్కూలు డైరీలో అదే, పిల్లల డాక్టరు గది గోడ మీద అదే, టీవీ వంటల కార్యక్రమంలో అదే, ఫోను తెరిస్తే అదే. రాగి బిస్కెట్లు, గోధుమపిండి కేకు, అరటిపండు మఫిన్లు, ఖర్జూరం లడ్డూలు. మైదా వద్దు, పంచదార వద్దు. ఓవెన్ లేకపోయినా ఫరవాలేదు, కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, మూతకి విజిలూ గాస్కెట్టూ తీసేస్తే చాలు. అన్నీ అరగంటలో అయిపోతాయట.

ఈ "చేయండి" అన్న క్రియకి కర్త ఎవరో మాత్రం ఎవరూ చెప్పరు. తెలుగులో మర్యాదగా ఆజ్ఞాపించేటప్పుడు ఆడా మగా తేడా కనబడదు కాబట్టి అది ఇంటిల్లిపాదికీ చెప్పినట్టే ఉంటుంది. కానీ ఆ మాట విని తెనాలిలో ఏ తండ్రీ దుకాణం కట్టేసి వచ్చి రాగిపిండి జల్లించటం లేదు. బాపట్లలో ఏ మేనమామా మేనల్లుడి డబ్బాలోకి ఏం పెట్టాలా అని రాత్రి పదింటికి ఆలోచించటం లేదు. ఆ మాట వినేదీ, విని సిగ్గుపడేదీ, మర్నాడు పొద్దున్న గంట ముందు లేచేదీ తల్లి ఒక్కతే. లేదా అమ్మమ్మ, నాయనమ్మ, ఇంట్లో పెద్ద కూతురు.

నా వాదన ముందే చెప్పేస్తాను. పిల్లలు వంటింట్లోకి రావాలి. పిండి కలపాలి, ఒలకబోయాలి, గిన్నె కడగాలి. అది వాళ్ళ చదువులో భాగం. పిల్లలకి మంచి తిండి అందాలి. అది సమాజం మొత్తం బాధ్యత. ఈ రెండింటినీ మూటగట్టి జీతం లేని ఒక్క మనిషి నెత్తిన పెట్టి, దానికి "అమ్మ ప్రేమ" అని పేరు పెట్టటమే ఇక్కడ జరుగుతున్న మోసం.

ముందు ఆ సులువు సంగతి చూద్దాం. రాగి బిస్కెట్టుకి అరగంట అంటారు. ఆ అరగంట ఎక్కడ మొదలవుతుంది? రాగులు కడిగి రాళ్ళు తీసి, మొలకలు కట్టి, ఆరబెట్టి, దోరగా వేయించి, మరకి తీసుకెళ్ళి పిండి పట్టించుకొచ్చి, జల్లించటం అందులో లేదు. బెల్లం కొట్టటం లేదు. వారం రోజులుగా మీగడ దాచి వెన్న తీయటం లేదు. తర్వాత ట్రేకి అతుక్కున్న మాడు గీకటం, గట్టు తుడవటం, పిండి పడ్డ పిల్లాడికి స్నానం చేయించటం, ఉతకాల్సిన చొక్కా, ఇవేవీ లేవు. లెక్కకి వచ్చేది కలపటం, పెట్టటం, తీయటం మాత్రమే. అంటే చూసేవాళ్ళకి అందంగా కనబడే భాగం. ఇక పక్కన నాలుగేళ్ళ పిల్లనో పిల్లాడినో పెట్టుకుంటే అదే పని రెండింతలు పడుతుందని, అలా పట్టడమే న్యాయమని, పిల్లల్ని పెంచిన వాళ్ళందరికీ తెలుసు.

ఆ సమయం ఎవరి దగ్గర ఉంది? 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి ఖర్చు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. "చేసే మగవాళ్ళు" అన్న మాటని గమనించాలి. 2019 సర్వేలో ఏ రోజునైనా ఇంటిపనిలో చెయ్యిపెట్టిన మగవాళ్ళు వందకి 26 మంది, స్త్రీలు 81 మంది. ఇప్పుడా 289 నిమిషాల పైన ఇంకో గంట పెట్టి దాన్ని సరదా అనమంటున్నారు. చాకిరీని చాకిరీ అన్నప్పుడు కనీసం విసుక్కునే హక్కయినా ఉండేది. సరదా అన్నాక అదీ పోయింది.

ఇక "ఆరోగ్యకరం" అన్న మాట. మన ప్రాంతంలో దీనికి ఒక చరిత్ర ఉంది, అది తెలియకుండా ఈ చర్చ సాగదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలవలు తవ్వాక తెనాలి, రేపల్లె తాలూకాలు వరి సముద్రమయ్యాయి. డెల్టాలో రాగీ జొన్నా సజ్జా వెనక్కి పోయాయి. అవి మెట్ట ప్రాంతాల తిండి, పేదవాళ్ళ తిండి అయ్యాయి. తెల్లన్నం హోదా అయింది. 1986లో బాపట్ల వరి పరిశోధనా కేంద్రం బీపీటీ 5204 విడుదల చేసింది. అదే సాంబ మసూరి. ఆ పేరులో ఉన్న బీపీటీ అంటే బాపట్లే. ఆ సన్నబియ్యం దక్షిణాది పళ్ళాలన్నిట్లోకీ వెళ్ళింది. ఎంత తెల్లగా పాలిష్ పడితే అంత గొప్ప. ఇప్పుడు అదే మధ్యతరగతి, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, రాగుల్ని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతోంది. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుందన్నది నిజమే. రాగిసంకటి తిన్నవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళని సంకటిగాళ్ళని వెక్కిరించారు.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. "మా చిన్నప్పుడు దంపుడు బియ్యం తినేవాళ్ళం, అందుకే గట్టిగా ఉన్నాం" అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. దంచిందెవరు? రోకలి పట్టుకున్న చేతులు ఎవరివి? ఆ తవుడు పోకుండా ఉండటానికి తెల్లవారుజామున లేచి దంపుళ్ళు చేసింది స్త్రీలు. ఇంట్లో కోడళ్ళు, కూలికి వచ్చిన మాల మాదిగ ఆడవాళ్ళు. మిల్లు వచ్చాక ఇంటి స్త్రీకి ఆ చాకిరీ తప్పింది, కూలి స్త్రీకి దంపుడు కూలి పోయింది, బియ్యంలోంచి తవుడు పోయింది. ఈ మూడింటినీ కలిపి చెప్పకుండా ఆరోగ్యం గురించి ఒక్క మాట చెప్పినా అది అబద్ధమే అవుతుంది. మంచి తిండి అనేదాని వెనక ఎప్పుడూ ఎవరో ఒకామె భుజాల నొప్పి ఉంది. దాన్ని మళ్ళీ ఇంటికి తెస్తామంటే ఆ నొప్పి ఎవరు పంచుకుంటారో ముందు చెప్పాలి.

బేకింగ్ ఏదో పరాయి విద్య అని నేననటం లేదు. మందపాటి మూకుట్లో మినప్పిండి పోసి, అడుగున నిప్పులు, మూత మీద నిప్పులు వేసి దిబ్బరొట్టె కాల్చటం మన అమ్మమ్మలకి తెలుసు. తాటిపండు గుజ్జుతో తాటిరొట్టె చేయటం బాపట్ల వైపు తీరప్రాంతం వాళ్ళకి తెలుసు. తేగలు తంపటి వేయటం తెలుసు. 1842లో హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టినప్పటి నుంచీ తరతరాలుగా క్రిస్మస్ చేసుకుంటున్న కుటుంబాలు ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఉన్నాయి. గులాబీ పువ్వులు, అరిసెలతో పాటు కేకు కూడా వాళ్ళ పండగ తిండే. కాబట్టి కేకు మీద కోపం లేదు. కేకుని కొలబద్దగా మార్చటం మీద కోపం.

మరి ప్యాకెట్ తిండి మంచిదా అని అడుగుతారు. కాదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, బోర్న్‌వీటా లాంటి పానీయాలని "హెల్త్ డ్రింక్స్" కింద అమ్మవద్దని ఆన్‌లైన్ వ్యాపారులకి చెప్పాల్సి వచ్చింది. అదే నెలలో స్విట్జర్లాండ్‌లోని పబ్లిక్ ఐ సంస్థ, మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో చక్కెర కలుపుతున్నారనీ, జర్మనీ, బ్రిటన్‌లలో అదే రకాన్ని చక్కెర కలపకుండా అమ్ముతున్నారనీ బయటపెట్టింది. ఈ డబ్బాలు మన ఇళ్ళలోకి ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి. "మీ బిడ్డ ఎదుగుదల గురించి మీకు శ్రద్ధ లేదా" అని ప్రకటనలు మనల్ని అడిగితే వచ్చాయి. ఇప్పుడు "డబ్బా కొంటారా, మీకు శ్రద్ధ లేదా" అని అడుగుతున్నారు. డబ్బా కొన్నప్పుడూ తప్పు తల్లిదే, కొననప్పుడూ తప్పు తల్లిదే. చక్కెర కలిపిన కంపెనీ, కలపనిచ్చిన ప్రభుత్వం ఆ సంభాషణలో ఎక్కడా లేవు. సిగ్గుపడమంటే వాళ్ళు పడరు కాబట్టి పడేవాళ్ళ దగ్గరకే అందరూ వస్తారు. పైగా పంచదార బదులు బెల్లం వేస్తే పాపం పోయినట్టు ఒక నమ్మకం. బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే. ఆ సంగతి చెప్పకుండా రెండు గంటలు బెల్లం పాకం పట్టించటం పోషణశాస్త్రం కాదు, ప్రాయశ్చిత్తం.

"ఇంట్లో చేసినది" అన్న మాటకి బజారులో ఎంత గిరాకీ ఉందో చూస్తే ఇంకో సంగతి తేలుతుంది. మన ఊళ్ళలో వీధి వీధికీ "స్వగృహ" అని బోర్డు ఉంటుంది. సున్నుండలు, జంతికలు, చెక్కలు, అరిసెలు. ఆ స్వగృహం ఎవరి గృహమూ కాదు. వెనక షెడ్డులో రోజుకూలికి నూనె సెగ ముందు నిలబడే స్త్రీలది అసలే కాదు. అదే బేకరీకి వెళితే అక్కడుండేది "మాస్టరు", మగవాడు. పెళ్ళి వంటలకి మగవాళ్ళు. పాకానికి జీతం, పేరు వచ్చిన చోట మగవాడు ఉంటాడు. మన భాష కూడా అంతే. బాగా వండితే నలభీమపాకం అంటాం. ఇద్దరూ మగవాళ్ళే, ఇద్దరికీ పేర్లున్నాయి. రోజుకి మూడు పూటలా వండే ఆమెని అన్నపూర్ణ అంటాం. దేవత కాబట్టి కూలి అడగదు, కాళ్ళు నొప్పులనదు.

ఈ "ఇంట్లో చేసిన" అన్న మాటలో కులం కూడా ఉంది. తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళుతుంటే మధ్యలో చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపిన ఊరు. ఇలాంటి నేల మీద ఎవరి చేతి తిండి ఎవరు తింటారన్నది రుచికి సంబంధించిన ప్రశ్న కాదు. "బయట ఎవరు చేశారో, ఎలా చేశారో" అనే మాటలో శుభ్రత ఎంతో, మడి ఎంతో ఎప్పుడైనా విడదీసి చూశామా? కోడిగుడ్డు లేని కేకుకి "శుద్ధమైనది" అన్న పేరు ఎక్కడిది? స్కూల్లో డబ్బాలు మార్చుకునేటప్పుడు ఏ ఇంటి బిస్కెట్టు చేతులు మారుతుందో, ఏది మారదో పిల్లలకి మనకంటే ముందే తెలుస్తుంది. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ ఆదేశం అవసరమైందంటేనే మన ఇళ్ళలోని శుచి ఎలాంటిదో అర్థమవుతుంది.

ఇప్పటిదాకా నేను మాట్లాడింది డబ్బా కట్టే తల్లుల గురించి. ఇక తెనాలి నుంచి రేపల్లె దాకా వెళ్ళే చిన్న లైను బండి ఎక్కుదాం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లా మారినా నాట్ల కాలంలో చీకటితోనే ఆటోల్లో ఇరుక్కుని పొలానికి వెళ్ళే ఆడవాళ్ళ పొద్దు మారలేదు. ఆమె పిల్లకి ఎవరు రాగి బిస్కెట్టు చేస్తారు? ఆమె ఇచ్చే పది రూపాయలతో కిరాణా కొట్టులో వేలాడే ప్యాకెట్టు కొనుక్కుంటుంది. ఆ తల్లికి అవగాహన లేదని మనం సదస్సుల్లో అంటాం. ఆమెకి లేనిది అవగాహన కాదు, మధ్యాహ్నం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు దాటిన అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 59 శాతం మందికి ఉంది. అంటే బలమైన తిండి చేసి పెట్టమని మనం చెప్పే మనిషికే ఒంట్లో రక్తం లేదు. ఆమె సున్నుండ ఎవరు చుడుతున్నారు?

ఆమె పిల్లకి నిజంగా అందుబాటులో ఉన్న వంటిల్లు అంగన్‌వాడీ, బడి. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశంతో దేశమంతటా ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పిల్లల హక్కయింది. మన రాష్ట్రంలో దానికి 2020లో చిక్కీ, 2023 మార్చిలో రాగిజావ తోడయ్యాయి. ఇళ్ళలో కొద్దిమంది పిల్లలకి అందే రాగి లక్షల మందికి అందింది. ఇది వంటల పుస్తకాలేవీ చేయలేని పని. మరి దాన్ని వండేదెవరు? మళ్ళీ స్త్రీలే. కేంద్రం 2009లో వాళ్ళకి నెలకి వెయ్యి రూపాయలని నిర్ణయించింది. రాష్ట్రంలో 2019లో దాన్ని మూడు వేలు చేశారు. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో అడిగిన వాళ్ళకల్లా అన్నం పెట్టిన ఆమె మీద ఎవరికైనా గౌరవమే. కానీ దానం చేసిన స్త్రీ పేరు గోడ మీద రాసి, కూలి అడిగే స్త్రీని ఆ గోడ వెనక పొయ్యి దగ్గర కూర్చోబెట్టటంలో మన సమాజం మనసంతా ఉంది. స్త్రీ వండితే దానం కావాలి, కూలి కాకూడదు.

2023 డిసెంబర్ 12న రాష్ట్రంలోని అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. కార్యకర్తకి 11,500, ఆయాకి 7,000 ఇస్తున్న రోజులు. నలభై రెండు రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే వాళ్ళ పని "అత్యవసర సేవ" అని సర్కారే ఒప్పుకుంది. అత్యవసరమైనది ఉద్యోగం ఎందుకు కాదో మాత్రం చెప్పలేదు. ఆ నలభై రెండు రోజుల్లో ఇంటి బిస్కెట్ల గురించి అంత ఆరాటపడే మనలో ఎంతమందిమి ఆ శిబిరాల దగ్గరకి వెళ్ళాం, ఎంతమందిమి రాశాం? పిల్లల తిండి గురించి మాట్లాడే హక్కు అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

ఇంత చెప్పాక "మీ స్త్రీవాదులకి వంటన్నా పిల్లలన్నా పడదు" అన్న పాత మాట ఎలాగూ వస్తుంది. తెనాలి దీనికి మంచి జవాబే చెప్పింది. 1973 నుంచి 86 దాకా వి.ఎస్.ఆర్. కాలేజీలో తెలుగు పాఠం చెప్పిన ఓల్గా, తెనాలి పక్కనే కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి, ఇద్దరూ ఇంటి లోపలి జీవితాన్ని సాహిత్యం మధ్యలోకి తెచ్చారు. సత్యవతి "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ తన పేరే మరచిపోతుంది. విమల "వంటిల్లు" కవిత చదివి నొచ్చుకున్నవాళ్ళు వంట మీద ప్రేమతో నొచ్చుకోలేదు, వంటిల్లు ఖాళీ అయిపోతుందేమోనని భయపడ్డారు. మాలతీ చందూర్ "వంటలు - పిండివంటలు" రాశారు, సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన "హృదయనేత్రి" కూడా రాశారు. వంట తెలియటం వేరు, వంటకి బందీ కావటం వేరు. మనం ఎప్పుడూ రెండోదాన్నే కాదన్నాం.

అందుకే "పిల్లలతో కలిసి" అన్న మాటని మనం వదులుకోకూడదు. ఈ మొత్తం ఉపదేశంలో నిజంగా విలువైనది అదొక్కటే, అందరూ ఫోటోకి వాడుకుని వదిలేస్తున్నదీ అదే. అయిదేళ్ళ పిల్లాడు గోధుమపిండిని చేత్తో కొలిచి, నీళ్ళు ఎక్కువై జావైతే మళ్ళీ పిండి వేసి, కాలే వాసన పసిగట్టి, తను చేసింది గట్టిగా ఉంటే ఆ గట్టిదాన్నే తినటంలో చాలా చదువుంది. తిండి ఊరికే రాదని చేతికి తెలిసినవాడు పళ్ళెం ముందు కూర్చుని "ఉప్పు తక్కువైంది" అని అరవటానికి కాస్త జంకుతాడు. కానీ మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? ఆడపిల్ల పిండి కలిపితే "పనిమంతురాలు" అంటారు, అది అత్తింటి కోసం. మగపిల్లాడు కలిపితే చప్పట్లు కొడతారు, అది ముచ్చట కోసం. పదేళ్ళు వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది, వాడు ట్యూషన్‌లో ఉంటాడు. ఆమె ట్యూషన్ నుంచి వచ్చి కూడా వంటింట్లోనే ఉంటుంది.

కాబట్టి పిల్లలతో కేకు చేస్తామనేవాళ్ళకి కొన్ని షరతులు పెట్టాలి. మగపిల్లలు తప్పకుండా ఉండాలి. అందులో తండ్రి ఉండాలి, ఆదివారం అతిథిగా కాదు, మరకి వెళ్ళి పిండి పట్టించుకొచ్చేవాడిగా. గిన్నెలు కడగటం, గట్టు తుడవటం కూడా అయ్యాకే వంట అయినట్టు లెక్క. తల్లికి ఆ గంట వేరే పని ఉంటే, పని లేకపోయినా పడుకోవాలనిపిస్తే, ఆమె లేకుండానే అది జరగాలి. ఏ బడీ పిల్లల డబ్బాలో ఏముందో చూసి తల్లికి చీటీ పంపకూడదు. చెప్పదలుచుకుంటే ఇద్దరినీ పిలవాలి, అంతకంటే ముందు తన క్యాంటీన్‌లో చిప్స్ అమ్మటం మానాలి. బాపట్లలో ఆహారశాస్త్రం నేర్పే కాలేజీ ఉంది, వరి పరిశోధనా కేంద్రం ఉంది. యంత్రంతో, జీతమిచ్చి, అంగన్‌వాడీలకీ బడులకీ తాజాగా రాగి బిస్కెట్టు చేసి పంపటం వాళ్ళకి అసాధ్యం కాదు. అక్కడ చేసే స్త్రీలకి ఉద్యోగమని పేరు పెడితే చాలు.

ఈ పత్రిక చదివే మనలో చాలామంది రాత్రి పది దాటాక రాసుకునేవాళ్ళమే. డబ్బా కట్టాకే వ్యాసం, పిల్లలు పడుకున్నాకే కథ. ఎన్ని కథలు పిండి జల్లెడలో పడి పోయాయో లెక్క లేదు. ఇక నుంచి ఎవరైనా మనతో "చాలా సులువు" అంటే, సరే, రండి, చేయండి అందాం. జల్లెడ వాళ్ళ చేతికిచ్చి మనం రాసుకోవటానికి వెళదాం.